జమ్ము మడిలో నీలి నీళ్లు

పెండా విసిరిన సలాడ్ ఆకుల కట్ట వచ్చి నా కాళ్ల దగ్గర పడింది. ఆకుల అంచులు మాడిపోయి ఉన్నాయి. ఈనెల వెంబడి నీలి చారలు దిగి ఉన్నాయి.

“తినండి,” అంది పెండా, గుమ్మంలోంచి కదలకుండా. “ఇంటిల్లిపాదీ కూర్చుని తినండి. పొట్టేళ్ల పండక్కి అమ్ముకుందామనుకున్న పంట. మడి మడంతా ఇలాగే ఉంది.”

మా అత్తమ్మ సోకొనా రంగు గంగాళం దగ్గర్నుంచి లేవలేదు. చేతిలో గుడ్డని ఒకసారి ముంచి, తీసి, మళ్లీ ముంచింది.

“ఎండ దెబ్బ,” అంది.

“ఎండ నీలంగా కొడుతుందా సోకొనా?”

“ఈ వీధిలో ఇన్ని రంగు వాకిళ్లుంటే నీకు నాదే కనపడిందా?”

“నీ వాకిలి నీళ్లే తోడుకోమని చెప్పిందెవరు? నీ కోడలు. తేటగా ఉన్నాయి, తాగినా తాగొచ్చు అని మా ఇంటికొచ్చి మరీ చెప్పింది. అడుగు దాన్ని.”

తాగొచ్చని నేననలేదు. మొక్కలకు పోసుకోవచ్చన్నాను. కానీ మాడిన ఆకులు కాళ్ల దగ్గర పడి ఉన్నప్పుడు ఆ తేడా ఎవరికి కావాలి? నేను నోరు మూసుకుని వాకిలి చివరికి, మా రంగు నీళ్లని వడగట్టే జమ్ము మడి దగ్గరికి వెళ్లాను.

నిన్న మొన్నటిదాకా నిలువెత్తున నిలబడిన జమ్ము పసుపురంగు తిరిగి, ఒకదాని మీద ఒకటి వాలిపోయి ఉంది. మడి చివరి సిమెంటు తొట్టిలో నీళ్లు, ఇన్ని నెలలుగా నేను అందరికీ గర్వంగా చూపించిన తేట నీళ్లు, మా గంగాళంలోని నీళ్లంత నీలంగా ఉన్నాయి.

ఇవ్వాళే ఇలా కావాలా? మధ్యాహ్నం నమాజు అయ్యాక సర్కారు పరిశోధన నిధి వాళ్లు ఈ మడి చూడ్డానికి వస్తున్నారు. మడి పనిచేస్తుంటే బమాకోలో రంగు వేసే ప్రతి వాకిట్లోనూ సర్కారు ఖర్చుతో ఇలాంటిదే తవ్విస్తారు. పనిచెయ్యకపోతే రంగు వాకిళ్లన్నీ ఊరవతల గుట్ట వెనక్కి పొమ్మని పురపాలకం ఎప్పుడో చెప్పేసింది. అక్కడ నీళ్లుండవు, నీడ ఉండదు, కొనే మనిషి రాడు. మొదట లేచిపోయేది మా వాకిలే. నాకంటూ ఉన్న ఒక్క గంగాళం, పెళ్లైన ఇన్నేళ్లకు అత్తమ్మ తన చేత్తో నాకిచ్చిన పొయ్యి, దానితో పాటే పోతాయి.

“ఏమైంది?” అని అరిచింది అత్తమ్మ అక్కణ్నుంచే.

“మీరే వచ్చి చూడండి.”

వచ్చింది. చూసింది. గేటు పక్క పాకలో నా మొగుడు జుమానా, అతని మనుషులు గంజి పెట్టిన బజాన్ గుడ్డల్ని దుంగ మీద పరిచి మెరుపు కోసం గూటాలతో బాదుతున్నారు. ఆ చప్పుడు తప్ప వాకిట్లో ఇంకేమీ వినపడలేదు.

“దోమలేమైనా కుట్టాయేమో,” అంది చివరికి.

“దోమలు మనుషుల్ని కుడతాయి అత్తమ్మా. జమ్ముని కాదు.”

“నాకు పాఠాలు చెప్పకు.”

“దింపుడు నీళ్లు పోశారా ఇందులో?”

అత్తమ్మ తన కొంగు సర్దుకుంది. నాకు జవాబు అందింది.

ఈ పండక్కి దుకాణాల వాళ్లందరికీ ఒకటే పిచ్చి. ముదురు రంగు వేసిన గుడ్డ మీద మళ్లీ రంగు దింపి, పువ్వులు తేల్చాలట. రంగు దింపడానికి కాస్టిక్ సోడా, మరో ఘాటు పొడి కలిపి మరిగించిన నీళ్లు వాడతాం. ముక్కు దగ్గర పెడితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. నేను గుడ్డలు మోసుకుని బజారుకి పోయిన పూటల్లో అత్తమ్మ ఆ నీళ్లని పొగలు కక్కుతుండగానే తెచ్చి మడిలో గుమ్మరించింది.

“మొరీబా డాక్టర్ గారు వద్దన్నారు కదా,” అన్నాను.

“ఎప్పుడన్నాడు?”

ఇదీ మా ఇల్లు. నేను గోడకు తల బాదుకోవాలో, గోడనే తెచ్చి నా తలకు బాదుకోవాలో తెలియని ఇల్లు.

పెండా ఇంకా గుమ్మంలోనే ఉంది. “నా పంటకి ఎవరు జవాబు చెప్తారో చెప్పండి, పోతాను,” అంది.

“సాయంత్రం రా అక్కా,” అన్నాను. “వచ్చేవాళ్లు వచ్చి వెళ్లాక మాట్లాడదాం.”

“సాయంత్రం నేను మొక్కలకి నీళ్లు పెట్టుకోవాలి. మీ మడి నీళ్లు కాకపోతే నదికి పోయి మోసుకురావాలి. నువ్వు మోస్తావా?”

నేను మొయ్యనని ఆమెకూ తెలుసు. ఆకుల కట్ట అక్కడే వదిలి వెళ్లిపోయింది.

*

మొరీబా మోటార్ సైకిలు చప్పుడు సందు మలుపులోనే తెలుస్తుంది. మా వీధంతా అతన్ని జమ్ము డాక్టరంటారు. విశ్వవిద్యాలయంలో నీళ్ల పరీక్షలు చేస్తాడు. ఈ మడి కోసం సర్కారు గుమ్మాల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగదీసిన మనిషి. నిధి రావడానికి ఏళ్లు పట్టింది. వచ్చాక కూడా కంకర వస్తే ఇసుక రాదు, ఇసుక వస్తే బొగ్గు రాదు. ఆఖరికి బొగ్గు సంచులు తన మోటార్ సైకిలు మీదే మోసుకొచ్చాడు.

అతను కేటా. మా అత్తమ్మ పుట్టింటి పేరు కులిబాలి. ఈ రెండు ఇంటిపేర్ల మధ్య తాతల నాటి నుంచి పరాచికం వరస. కలిస్తే తిట్టుకోవాలి, బానిసా అని పిలుచుకోవాలి, ఏమన్నా కోపం తెచ్చుకోకూడదు. కులిబాలిలు బొబ్బర్లు తిని బతికేవాళ్లని కేటాలంటారు. బొబ్బర్లు దొంగిలించేవాళ్లు కేటాలని కులిబాలిలంటారు. వీళ్లిద్దరూ కలిస్తే మా వాకిట్లో పని ఆగిపోయేది. గూటాలు బాదేవాళ్లు కూడా చెవులప్పగించి వినేవాళ్లు.

ఇవ్వాళ కూడా గుమ్మంలోంచే మొదలెట్టాడు. “ఒసే బొబ్బర్లదానా, ఇంకా బతికే ఉన్నావా? ఇవ్వాళ పెద్దవాళ్లొస్తున్నారు, ఆ నోరు కడుక్కున్నావా లేదా?”

అత్తమ్మ గంగాళం వైపు మొహం తిప్పుకుంది.

“ఏమే, పొద్దున్నే గిన్నెడు తిన్నావా? మాట రావట్లేదు?”

అప్పుడు అతని చూపు నా మీదుగా మడి మీద పడింది. హెల్మెట్ తియ్యకుండానే నడిచి వెళ్లాడు. వాలిన జమ్ముని ఒకటి పట్టి లాగాడు. వేరుతో సహా వచ్చేసింది. వేరు నల్లగా కుళ్లి ఉంది. దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇంట్లో ఎవరో పోయినట్టు అనిపించింది నాకు, నిజంగా.

వెనక్కి తిరిగి, “సోకొనాగారూ,” అన్నాడు. “మీరు ఇందులో ఏం పోశారు?”

అత్తమ్మ మొహం మాడిపోయింది. కేటాల అబ్బాయి తనని గారూ అని పిలవడం ఆవిడ జీవితంలో ఎరగదు. గూటాల చప్పుడు కూడా ఒక్క క్షణం తడబడింది.

“దింపుడు నీళ్లు,” అన్నాను నేను. ఎవరో ఒకరు చెప్పాలి కదా.

“వేడివేడిగానా?”

“అవును.”

“పీపాలో ఒక రాత్రి ఉంచకుండా? నిమ్మ ఉప్పు కలపకుండా?”

“అవును డాక్టర్ గారూ.”

“నేను చెప్పాను,” అన్నాడు. గొంతు పెరిగింది. “ఇక్కడే, ఈ వాకిట్లోనే, అందరి ముందూ చెప్పాను. ఆ నీళ్లు పీపాలో చల్లారాలి, వాటి ఘాటు చావాలి, అప్పుడే మడిలో పొయ్యాలి అని.”

“నువ్వు చెప్పావా?” అత్తమ్మ అప్పటికి నోరు తెరిచింది. “ఏమని చెప్పావో కూడా చెప్పు. అందరూ వినాలి.”

“ఏమని చెప్తే ఏంటి?”

“నేను చెప్తాను విను. ‘ఒసే బొబ్బర్లదానా, దింపుడు నీళ్లు వేడిగా పోశావంటే నా జమ్ము మీ తాతలాగా కడుపు పట్టుకుని పడిపోతుంది, రాత్రంతా పీపాలో మగ్గబెట్టు, కొంచెం ఓపిక నేర్చుకుంటాయి’ అన్నావు. అన్నావా లేదా?”

“అన్నాను. అందులో తప్పేముంది? విషయం చెప్పానా లేదా?”

“అదే రోజు మా తాత గిన్నెడు బొబ్బర్ల కోసం తన లాగు అమ్ముకున్నాడని కూడా చెప్పావు. అది కూడా నమ్మాలా నేను?”

పాకలో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఎవరూ అతనితో కలిసి నవ్వలేదు.

“కేటా నోట్లోంచి కులిబాలికి నిజం వచ్చింది ఎప్పుడురా ఈ దేశంలో?” అంది అత్తమ్మ. “నిజం చెప్పాలనుకుంటే ఇప్పుడన్నట్టు అప్పుడే అనుండాల్సింది. సోకొనాగారూ అని. అప్పుడు నాకు తెలిసేది.”

“అంటే తప్పు నాదా?”

“మరి నాదా?”

నాకు ఒళ్లు మండిపోయింది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. దాన్ని ముందేసుకుని ఇద్దరూ కూర్చుంటే జమ్ము లేచి నిలబడుతుందా? ఆ రోజు అతను వెళ్లాక నేను అత్తమ్మకి విడిగా చెప్పాను. ‘అది నిజంగానే అన్నాడు, నవ్వులాటకి కాదు’ అని. ‘నువ్వు దెంబెలేల ఇంటి పిల్లవి, మా మధ్య మాట నీకేం తెలుసు’ అని కొట్టిపారేసింది. ఈ మాట ఇప్పుడు అనడానికి నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. కోడలు మింగాల్సినవి చాలా ఉంటాయి, అందులో ఇదొకటి.

“మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి,” అన్నాను. “వాళ్లని రేపు రమ్మనడానికి వీలవుతుందా?”

“రేపటికి జమ్ము పెరుగుతుందా వాస్సా?” అన్నాడు మొరీబా. నా మీద కసురుకోవడం అదే మొదటిసారి. “కొత్త వేర్లు నాటాలి. ఇసుకంతా తీసి కడగాలి. మూడు నాలుగు నెలలు కావాలి. పొరపాటు జరిగింది, గడువివ్వండి అని అడగాలి.”

“ఇస్తారా?”

“జనం పన్నుల డబ్బు తీసుకుని జమ్ముని చంపుకున్నాం అంటే ఏమంటారు? నాకు తెలీదు.”

*

అప్పుడు జుమానా పాకలోంచి లేచి వచ్చాడు. చేతిలో గూటం అలాగే ఉంది. నా మొగుడు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మాట్లాడినప్పుడల్లా మాట్లాడకపోయుంటే బాగుండేదనిపిస్తాడు.

“వాళ్లు చూసేది తొట్టిలో నీళ్లేగా?” అన్నాడు.

“అవును.”

“అయితే తొట్టి ఖాళీ చేసి కుళాయి నీళ్లు పడితే సరి.”

మొరీబా అతన్ని చాలాసేపు చూశాడు. అంతసేపు చూడాల్సిన అవసరం ఏముంది, వెంటనే కాదనొచ్చు కదా అనిపించింది నాకు. అతను కూడా ఆలోచించాడన్న మాట. ఆ చూపులో నాకది కనపడింది. అతని మీద జాలీ కోపం రెండూ వచ్చాయి.

“వద్దు,” అన్నాడు చివరికి. “ఆ తొట్టి నీళ్లు చూసి ఊరంతా ఇలాంటి మడులు తవ్విస్తారు. వాటిలో కూడా ఇలాగే దింపుడు నీళ్లు పోస్తారు. కిందున్న తోటలన్నీ పెండా తోటలా అవుతాయి.”

“తోటల సంగతి తోటల వాళ్లు చూసుకుంటారు,” అన్నాడు జుమానా. “గుట్ట వెనక్కి పోతే మా సంగతి ఎవరు చూస్తారు? మీకు జీతం వస్తుంది డాక్టర్ గారూ. మడి ఉన్నా వస్తుంది, చచ్చినా వస్తుంది.”

“జుమానా,” అంది అత్తమ్మ. “నా వాకిట్లో ఆ పని జరగదు. నోరు మూసుకుని పోయి గుడ్డలు బాదుకో.”

“నువ్వే కదా అమ్మా చంపింది.”

“నేనే చంపాను. నేనే చెప్తాను. పో.”

కొడుకు తలొంచుకుని పోయాడు. మొరీబా వచ్చేవాళ్లకు ఫోన్ చెయ్యడానికి సందులోకి వెళ్లాడు. అత్తమ్మని చూడనైనా చూడలేదు. అత్తమ్మ కూడా అతన్ని చూడలేదు. ఈ వరసలో వాళ్లు ఒకరినొకరు తిట్టుకోవడం మానేశారంటే దాన్ని మించిన గొడవ ఇంకొకటి లేదు.

“పిలిచి ఒక మాట అనొచ్చు కదా అత్తమ్మా,” అన్నాను వంటింట్లోకి నడుస్తూ.

“ఏమనాలి?”

“ఏదో ఒకటి. బొబ్బర్ల దొంగా అనండి.”

“ఆ పిల్లాడు నన్ను గారూ అన్నాడు వాస్సా.” బియ్యం గిన్నె ముందుకి లాక్కుంది. “మా నాన్న పోయినప్పుడు వాళ్ల నాన్న వచ్చి శవం పక్కన కూర్చుని, ‘లేవరా బానిసా, అప్పుడే పడుకున్నావేం’ అన్నాడు. ఏడుస్తూ నవ్వాం అందరం. అలాంటి ఇల్లు వాళ్లది. ఆ ఇంటి పిల్లాడు నన్ను గారూ అన్నాడు.”

వచ్చేవాళ్ల కోసం వేరుశనగ పులుసు పొయ్యి మీద ఉంది. కలుపుతూ నిలబడ్డాను. అత్తమ్మ బియ్యం కడుగుతూ ఒకే గిన్నె మళ్లీ మళ్లీ కడిగింది.

పులుసు దించే వేళకి నాకు ఏదో తేడాగా అనిపించింది. ఏమిటా అని చెవి ఒగ్గితే, గూటాల చప్పుడు లేదు. ఎప్పుడు ఆగిందో కూడా గమనించలేదు. పండగ ముందు రోజుల్లో జుమానా గూటం అన్నానికి తప్ప దేనికీ ఆగదు.

అప్పుడే గేటు దగ్గర కారు తలుపులు చప్పుడయ్యాయి.

*

మేడమ్ రమాతా నిండుగా ఉండే మనిషి. మావిడి పచ్చ బజాన్ కట్టుకుంది. అందరి చేతులూ పట్టుకుని ఇంట్లో వాళ్ల బాగోగులు, పిల్లల బాగోగులు, ఎండల బాగోగులు అడిగింది. నిధి ఎవరికివ్వాలో, ఎవరికి ఆపాలో చెప్పే పెద్ద ఆవిడే. వెంట ఒక గుమస్తా.

“క్షమించాలి మేడమ్, ఫోన్ చేశాను, అందలేదు,” అన్నాడు మొరీబా ఆమె వెనకే వస్తూ. “మడి దగ్గరికి వెళ్లేముందు ఒక మాట చెప్పాలి.”

“ముందు చూడనివ్వు. ఏడాది నుంచి నీ కాగితాలే చూస్తున్నాను. ఇవ్వాళ నీళ్లు చూస్తాను.”

అందరం మడి దగ్గరికి నడిచాం.

జమ్ము లేదు. మొదళ్ల దాకా సాపుగా కోసేసి ఉంది. తొట్టిలో నీళ్లు అద్దంలా ఉన్నాయి. అడుగున సిమెంటు మీది గీతలు కూడా కనపడుతున్నాయి. గోడ వెంబడి కుళాయి రబ్బరు గొట్టం చుట్ట చుట్టి ఉంది, ఇంకా తడిగా.

“జమ్ము కోతకొచ్చింది మేడమ్,” అన్నాడు జుమానా, టీ కెటిలు చేత్తో పట్టుకుని. “కోసి చాపలల్లేవాళ్లకి ఇచ్చేశాం.”

“మంచి పని,” అందామె. తొట్టి మీదికి వంగి, గాజు గ్లాసుతో నీళ్లు ముంచి ఎండకు పట్టి చూసింది. “మొరీబా, నువ్వు రాసినదానికన్నా బాగున్నాయయ్యా.”

మొరీబా నీళ్ల వంక చూశాడు. గోడ పక్క గొట్టం వంక చూశాడు. జుమానా వంక చూశాడు. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. తలొంచుకుని తన బూట్ల మీది మట్టి చూస్తూ ఉండిపోయాడు. అన్నేళ్లు గుమ్మాల చుట్టూ తిరిగిన మనిషి ఒక్క మాట దగ్గర చతికిలబడ్డాడు. నాకు అతని జుట్టూ జుమానా జుట్టూ పట్టుకుని ఆ తొట్టిలో ముంచాలనిపించింది.

అత్తమ్మ ముందుకొచ్చింది. వచ్చేముందు చేతులు శుభ్రంగా తుడుచుకుంది. తుడిచినా పోని నీలం అది.

“అమ్మా, మీ ఇంటిపేరేంటి?” అని అడిగింది.

“కేటా. మీరు?”

“కులిబాలి.”

“అల్లా,” అని మేడమ్ రమాతా గుండె మీద చెయ్యేసుకుంది. “ఇంత దూరం వచ్చింది బొబ్బర్లు తినేవాళ్లింటికా? నాకు ముందే చెప్పుంటే ముక్కుకి గుడ్డ కట్టుకొచ్చేదాన్ని కదే.”

గుమస్తా నవ్వాడు. ఇంకెవరం నవ్వలేదు.

“ఒక మాట చెప్పాలి,” అంది అత్తమ్మ. “ఆ జమ్ము కోతకి రాలేదు. చచ్చిపోయింది. నేనే చంపాను. ఘాటు నీళ్లు మరుగుతుండగా తెచ్చి పోశాను. ఆ తొట్టిలోవి మడి నీళ్లు కావు, కుళాయి నీళ్లు.”

మేడమ్ రమాతా ఆమె మొహంలోకి చూసింది. మరుక్షణం పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

“చూశావా,” అంది గుమస్తాతో. “కేటాల చేతికి మంచి పేరొస్తుందంటే కులిబాలిలు ఓర్చుకోలేరు. మొరీబా కేటా, నేనూ కేటా. మా ఇద్దరి నోట్లో మట్టి కొట్టడానికి తన మడి తనే చంపుకున్నానంటోంది.”

“నేను నిజం చెప్తున్నాను.”

“కులిబాలి నిజం చెప్పే రోజు నదిలో మొసలి ఉపవాసం ఉంటుందే.”

“అమ్మా, నా మాట వినండి.”

“వింటున్నా బానిసా, వింటున్నా. ఇంకా చెప్పు, బాగుంది.”

అత్తమ్మ మొహంలో నేనెప్పుడూ చూడనిది చూశాను. ఏ గోతిలో మొరీబా మాట పడిందో అదే గోతిలో తన మాట పడటం కళ్లారా చూస్తోంది. తిరిగి మొరీబా వైపు చూసింది. అతను కూడా అప్పుడే తలెత్తాడు. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం పొద్దుట్నుంచి అదే మొదటిసారి.

ఆ సందడిలో పెండా ఎప్పుడొచ్చిందో చూడలేదు. సొరబుర్ర, బకెట్టు పట్టుకుని గేటులోంచి సరాసరి తొట్టి దగ్గరికే వచ్చింది.

“తేటబడ్డాయే,” అంది నాతో. పొద్దుటి కోపం సగం దిగిపోయింది. “నీ మాట నిజమే అయితే. ఈ సాయంత్రానికి ఇవి పోసుకుంటాను. మిగిలిన మొక్కలైనా దక్కుతాయి.”

బుర్రతో ముంచి బకెట్టులో పోసుకోవడం మొదలెట్టింది. మేడమ్ రమాతా ముచ్చటగా చూసి, “ఇది రాసుకో,” అని గుమస్తాతో అంది. “పక్కింటి వాళ్లు తోటకి వాడుకుంటున్నారు.”

తర్వాత తొట్టికి వీపు పెట్టి నావైపు తిరిగింది. నవ్వు తగ్గించుకుంది. గొంతు మారింది.

“మడి చూసుకునేది నువ్వేనట కదా. మొరీబా కాగితాల్లో నీ పేరుంది. వాస్సా, ఇంటిపేరు?”

“దెంబెలే, మేడమ్.”

“బాగుంది. మనిద్దరికీ ఏ పరాచికమూ లేదు. ఈ వాకిట్లో నేను నమ్మదగ్గ మాట నీదొక్కటే అన్నమాట.” కళ్లద్దాలు సర్దుకుంది. “వచ్చే నెల నుంచి రంగు వాకిళ్లన్నిటికీ మడులు తవ్వమని సంతకం పెట్టబోతున్నాను. అందుకని అడుగుతున్నా. ఈ నీళ్లు ఈ మడిలోంచి దిగినవేనా?”

జుమానా కెటిలు ఎత్తి టీ పోస్తున్నాడు. గ్లాసు నిండి పొర్లుతున్నా ఆపలేదు. ఆ పొర్లే టీలో మా పొయ్యి, నా గంగాళం, గుట్ట వెనక ఎండ అన్నీ కనిపించాయి నాకు. అత్తమ్మ నన్నే చూస్తోంది. చెప్పమంటోందో, వద్దంటోందో నాకు తెలియలేదు. ఇన్నాళ్లూ నా మాటని కొట్టిపారేసిన మనిషి ఇప్పుడు నా నోటి వంక అలా చూస్తే నేనేం చెయ్యను?

మేడమ్ భుజం మీదుగా తొట్టి కనపడుతోంది. పెండా ముంచే ఒక్కో బుర్రకీ నీటి మట్టం కొంచెం కొంచెం దిగుతోంది. మడిలోంచి తొట్టిలోకి వచ్చే గొట్టం మూతి బయటపడింది. ఆ మూతిలో జుమానా కుక్కిన తెల్ల బజాన్ పీలిక ఉంది. అది తెల్లగా లేదు. మధ్యలోంచి అంచుల దాకా నీలం పాకుతూ వస్తోంది. ఇంకొన్ని బుర్రలు ముంచితే పీలిక ఊడి, వెనక నిలిచిన నీలి నీళ్లు తొట్టిలోకి వచ్చేస్తాయి.

పెండా అది చూడలేదు. ఎండలో చెమట తుడుచుకుని, బుర్ర మళ్లీ నీళ్లలోకి దించింది.

“చెప్పమ్మా,” అంది మేడమ్.

నేను రెండడుగులేసి పెండా చెయ్యి పట్టుకుని ఆపాను.

“ఎందుకాపావు?” అంది పెండా, నా మొహంలోకి చూస్తూ.

ఇద్దరికీ చెప్పాల్సిన జవాబు ఒక్కటే. ఇద్దరూ ఎదురుచూస్తున్నారు.